ఏడు గంటల మాత్ర

"ఆ మూత దీనిది కాదు మావయ్యా," అన్నాను.

"మూతల్లో దీనిదీ దానిదీ ఏటే? పట్టిందా, లేదా?" అంటూ మా మావగారు గణపతిరావు కేరియర్ పై గిన్నె మీద అర అంగుళం లేచి కూర్చున్న మూతని అరచేత్తో అదుముతున్నారు.

పట్టలేదు. అసలు మూతని ఆయనే రాత్రి పెరుగు గిన్నె మీద పెట్టారు. పెరుగు గిన్నె మూత తెచ్చి ఇప్పుడు కేరియర్‌కి తొడుగుతున్నారు. ఆ సంగతి చెబితే, రాత్రి పెరుగు మీద మూత వేసింది నేనేనని ఆయన వాదన. మా ఆయన గిరిబాబు పెరట్లో పళ్ళు తోముకుంటూ, నోటినిండా నురగతోనే గుమ్మంలోకి వచ్చారు.

"గుడ్డ కట్టీ యమునా. బస్సెళ్ళిపోతాది."

"గుడ్డ కడితే చారు బస్సులోనే సగం కారిపోతుంది. ఫ్రిజ్‌లో మూత ఉంది కదా, తీసి మార్చడానికి ఒక్క నిమిషం."

"బీయస్సీ సదివినోళ్ళు మరి," అన్నారు మావగారు కొడుకుతో. "మూత మీద కూడా పరిశోదన సెయ్యాల."

నాకు కోపం వచ్చింది. పెరుగు గిన్నె మూత ఎవరు మార్చారో తేలేదాకా కదలనన్నాను. ఆయన కూడా తేలేదాకా వదలనన్నారు. తేలేసరికి ఆరు గంటల పది నిమిషాల బస్సు నరసన్నపేట స్టాండు దాటి వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు పట్టుకుని శ్రీకాకుళంలో ఆసుపత్రికి చేరేసరికి ఎనిమిది కావస్తోంది.

అది 2016 ఆగస్టు, సోమవారం. వాయుగుండం పట్టి నాలుగో రోజు. వాన పడీ పడనట్టు పడుతూనే ఉంది.

మా అత్తగారు సుభద్రమ్మకి ఆరేళ్ళుగా వణుకుడు జబ్బు. పార్కిన్సన్స్ అంటారు. అంతకు ముందు వారం ఊళ్ళో మా వాళ్ళ కళ్ళం దగ్గర తడిసిన గచ్చు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. గురువారం ఆపరేషన్ అయింది. బాగానే అయిందన్నారు. ఇక మర్నాటి నుంచీ మెల్లగా నిలబెట్టాలి. తుంటి విరిగిన పెద్దవాళ్ళని ఎంత తొందరగా నిలబెడితే అంత మంచిదట. ఆలస్యమైతే మంచమే వాళ్ళని పట్టేసుకుంటుందట.

నిలబడలేదు. శుక్రవారం నుంచీ ఆవిడ ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోయింది. ఫిజియోథెరపీ అతను రోజూ పదింటికి వచ్చి, రెండు కాళ్ళూ వంచబోయి, వంగక, "పేషెంటు సహకరించట్లేదు" అని రాసి వెళ్ళిపోతున్నాడు. మాట వినిపించనంత సన్నబడింది. పొద్దున్న ఏమీ వద్దంటున్నారు. పన్నెండింటికి ఇడ్లీ ముక్క నోట్లో పెడితే మింగడానికి ఐదు నిమిషాలు.

ఆ జబ్బుకి మాత్రలు రోజుకి నాలుగు. ఏడు, పదకొండు, మూడు, మళ్ళీ ఏడు. విశాఖపట్నంలో మాకు మొదట మందు రాసిన డాక్టరు గట్టిగా చెప్పారు: ఈ మాత్ర గంట ఆలస్యమైతే మనిషి ఆ గంటంతా బిగుసుకుపోతారు, కాబట్టి టైముకే వెయ్యండి అని. ఇంట్లో టైముకే వేసుకునేవారు. ఇక్కడ వేసేది సిస్టర్లు.

అందుకే శుక్రవారం నుంచీ నేనొక నోటుపుస్తకం పెట్టాను. మూడు గడులు గీశాను. తేదీ, ఇవ్వవలసిన టైము, ఇచ్చిన టైము. శుక్రవారం ఏడు గంటల మాత్ర 7.55కి. పదకొండు గంటలది 12.10కి. శనివారం 8.05, 12.20. ఆదివారం 8.15. ఇలా ఎర్ర పెన్నుతో. నాకు ఎవరి మీదా కేకలు వెయ్యడం చేతకాదు. కానీ రాయడం చేతనవును. ఈ పుస్తకం సూపరింటెండెంటుకి ఇచ్చి, మా అత్తగారు మంచాన పడితే కారణం ఇదీ అని చూపించాలని నిర్ణయించుకున్నాను.

ఆ సోమవారం నేను వార్డులో అడుగుపెట్టేసరికి మందుల ట్రాలీ మా మంచం దగ్గరకి వస్తోంది. ఆడవాళ్ళ ఎముకల వార్డులో ముప్పై ఆరు మంచాలు. మాది ఇరవై తొమ్మిది. రాత్రి తోడు పడుకునే దాలమ్మ పెద్దమ్మ, అంటే మా అత్తగారి అక్క, నేను రాగానే మొహం కడుక్కోడానికి వెళ్ళిపోయింది. నేను కేరియర్ అలమార మీద పెట్టి విప్పుతుంటే సిస్టర్ అత్తగారి చేతిలో మాత్ర పెట్టింది.

"మామ్మా, ఏసుకో."

"అలగేనమ్మా," అన్నారు అత్తగారు.

ట్రాలీ ముప్పయ్యో మంచానికి కదిలింది. నేను గోడ గడియారం చూసి 8.02 అని రాశాను.

పది దాటాక డాక్టరు ధనరాజు గారు వచ్చారు. ఫిజియోథెరపీ కాగితం చూశారు, అత్తగారి మోచెయ్యి వంచి చూశారు, పెదవి విరిచారు.

"జబ్బు ముదిరినట్టుందమ్మా. రేపటి నుంచి మాత్ర డోసు పెంచుతాను. బుధవారం దాకా చూద్దాం. అప్పటికీ నిలబడకపోతే, మింగడం కూడా ఇలాగే ఉంటే, ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. అది ఇక్కడొద్దు, విశాఖపట్నం తీసుకెళ్ళండి. ఇక నడుస్తారని మాత్రం నేను మాట ఇవ్వలేను."

అత్తగారు వింటున్నారు. ఆ జబ్బులో మొహం కదలదు కాబట్టి ఏమనుకున్నారో తెలియదు. కంటి చివర మాత్రం తడి కనిపించింది.

నేను తిన్నగా సిస్టర్ల బల్ల దగ్గరకి వెళ్ళాను. పగలు డ్యూటీ సిస్టర్ పేరు అరుణశ్రీ. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. సముద్రం ఒడ్డు ఊరమ్మాయి, వాళ్ళ నాన్న వేటకెళ్తాడని వార్డులో అనుకోగా విన్నాను. పుస్తకం ఆమె ముందు పెట్టాను.

"ఇది సూపరింటెండెంటుగారికి ఇస్తున్నాను. ముందు నీకు చూపించడం మర్యాద అని తెచ్చాను."

ఆమె నాలుగు రోజుల పద్దూ చదివింది. వేలితో ఒక్కొక్క గడీ కిందికి జరుపుతూ, పరీక్ష పేపరు చూసుకుంటున్నట్టు చదివింది.

"రాత బాగున్నాదండి," అంది. "అన్నీ నిజవే. ఒకటి మాత్రం రాయలేదు."

"ఏమిటి?"

"ఎందుకు లేటయిందో. రేపు ఏడుకి రండి. కేరియర్ పక్కనెట్టి నా ఎనకాల తిరగండి. ఆ గడి కూడా నింపీసి, అప్పుడు ఎవరికిస్తారో ఇవ్వండి. నానేటీ అనుకోను."

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అదే నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది.

మంగళవారం మొదటి బస్సుకే బయల్దేరాను. ఏడుకి ఐదు నిమిషాల ముందు సిస్టర్ల బల్ల దగ్గర నిలబడ్డాను. నాలుగో గడి గీసుకుని వెళ్ళాను.

రాత్రి సిస్టర్ ముప్పై ఆరుగురి సంగతీ ఒక్కొక్కరిదీ అప్పచెబుతోంది. అది ముగిసేసరికి 7.12. రాశాను. రెండో మంచం ముసలావిడకి సెలైన్ సూది గుచ్చిన చోట చెయ్యి పొంగిపోయింది. అది తీసి, ఇంకో నరం వెతికి, గుచ్చేసరికి తొమ్మిది నిమిషాలు. రాశాను. ఐదో మంచం ఆవిడ ఇంజెక్షను ఆవిడ దగ్గరే లేదు. కొడుకు కిందికి మందుల కొట్టుకి వెళ్ళాడు, అక్కడ వరస. ఇంజెక్షను రాగానే పిలవమని చెప్పి ముందుకు కదిలాం. రాశాను. ఎనిమిదో మంచం దగ్గర ఉండగా ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోను, పన్నెండో మంచాన్ని పంపించమని. పన్నెండో మంచం ఆవిడకి పంపించే ముందు ఇవ్వాల్సిన మందొకటి ఉంది, అది అలమారలో ఉంది, తాళం రాత్రి సిస్టర్ జేబులో వెళ్ళిపోయింది. అరుణశ్రీ మెట్ల దాకా పరిగెత్తి పట్టుకుంది.

పద్నాలుగో మంచం దగ్గర ఒక పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మడూ, బెడ్‌పాన్ కావాలమ్మా. ఆయా ఎక్కడికెళ్ళిందో రాలేదు."

"ఇదిగో మామ్మా," అంటూ అరుణశ్రీ ట్రాలీ వదిలేసి వంగింది.

నేను పుస్తకం మూసి ట్రాలీ కింద అరలో పెట్టేశాను. తెర పట్టుకోవాలి, నీళ్ళు అందించాలి. రెండు చేతులూ కావలసి వచ్చాయి.

ఇరవై రెండో మంచం చుట్టూ పదకొండు మంది చుట్టాలు, కొబ్బరిబొండాలతో సహా.

"బాబూ, తప్పుకోండి, బండెళ్ళాల."

"మేం రాజాం నుంచొచ్చినాం సిస్టర్!"

"నాను మాత్రం చంద్రమండలం నుంచొచ్చినానా? సగం మంది కిందకెళ్ళండి, బొండాలు ఇక్కడుంచి."

వాళ్ళు నవ్వుతూ జరిగారు. ఇరవై తొమ్మిదో మంచానికి వచ్చేసరికి ఎనిమిదీ నాలుగు. ఇంతసేపూ ఆమె ఎక్కడా ఆగలేదు. ఆగినట్టు కనిపించిన ప్రతిచోటా పనే చేసింది.

రోజూ ఈ సమయానికి నేను మంచానికి కుడివైపు, అలమార దగ్గర కేరియర్ విప్పుతూ ఉంటాను. ఆ రోజు ట్రాలీతో వచ్చాను కాబట్టి ఎడమవైపు, అరుణశ్రీ వెనక నిలబడ్డాను. ఆమె మాత్ర అత్తగారి చేతిలో పెట్టింది. డోసు పెంచారు కాబట్టి ఈసారి ఒకటిన్నర.

"ఏసుకో మామ్మా."

"అలగేనమ్మా."

అరుణశ్రీ ముప్పయ్యో మంచం వైపు తిరిగింది. నేను తిరగలేదు. అత్తగారి ఎడమ చెయ్యి మూసుకుంది. మూసిన పిడికిలి వణుకుతూ వణుకుతూ, చాలా నెమ్మదిగా, దిండు గలీబు లోపలికి వెళ్ళింది. ఖాళీగా బయటికి వచ్చింది.

"సిస్టర్," అన్నాను.

ఆమె వెనక్కి చూసింది. నేను దిండు గలీబులో చెయ్యి పెట్టాను. కుంకుమ పొట్లం కాగితంలో జాగ్రత్తగా చుట్టి నాలుగు మాత్రలు. పక్కనే, ఇంకా చుట్టని ఒకటిన్నర.

శుక్ర, శని, ఆది, సోమ. నా పుస్తకంలో నాలుగు రోజులూ నిమిషాలతో సహా రాసి ఉన్నాయి. నేను రాసింది మాత్ర చేతిలో పెట్టిన టైము. నోట్లోకి వెళ్ళిందో లేదో నేను చూడనే లేదు.

"ఏటి మామ్మా ఇది?" అరుణశ్రీ మంచం అంచున కూర్చుంది. "చేదుగా ఉన్నాదా? భయవేసిందా?"

అత్తగారి గొంతు వినడానికి ఇద్దరం వంగాల్సి వచ్చింది.

"సూర్యనారాయణమూర్తిని సూడకుండా నోట్లో ఏటీ ఎయ్యనమ్మా. నీల్లు కూడా. మొక్కు."

మా ఆయనకి ఐదో ఏట కళ్ళు ఎర్రబడి, చీము పట్టి, మూడు వారాలు తెరవలేకపోయాడట. అరసవిల్లి సూర్యదేవుడి గుడికి తీసుకెళ్ళి, కోవెల్లో నిలబడి, పిల్లాడి కళ్ళు తెరిపించు తండ్రీ, రోజూ నిన్ను చూశాకే మంచినీళ్ళు ముట్టుకుంటానని మొక్కారట. కళ్ళు తెరిచాడు. ముప్పై ఏళ్ళు దాటింది.

రోజూ పొద్దున్నే ఊళ్ళో పెరట్లో నిలబడి దండం పెట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. అందరూ పెట్టుకునే దండమే అనుకున్నాను. ఎండాకాలం, చలికాలం ఏడు లోపలే సూర్యుడు కనిపిస్తాడు కాబట్టి మాత్రకి అడ్డం రాలేదు. ముసురు పట్టిన రోజుల్లో ఆవిడ బిగుసుకుపోయేవారు. చల్లగాలి పడదని మేమంతా అనుకున్నాం. దుప్పట్లు కప్పేవాళ్ళం. ఆరేళ్ళు దుప్పట్లు కప్పాం.

"మరి మధ్యాహ్నమైనా ఆ మాత్ర వేసుకోవచ్చు కదత్తయ్యా," అన్నాను.

"మద్దేనానికి గాని కిటికీలోంచి ఆయన అగుపించట్లేదు. అప్పటికి రెండోది ఇచ్చీస్తన్నారు. రెండూ ఒక్కసారి ఏసుకుంటే ఏటవుతాదో అని బయం."

"నాకు చెప్పొచ్చు కదా?"

"నువ్వు పుస్తకంలో రాస్తన్నావు గదా. నానేసుకోలేదంటే ఈ పిల్లకి మాట పడతాదని సెప్పలేదు."

అరుణశ్రీ లేచి, మంచం కాళ్ళ దగ్గర వేలాడే చార్టు తీసింది. నాలుగు రోజుల ఏడు గంటల గడుల్లోనూ ఆమె పెట్టిన టిక్కులు.

"ఇవి దిద్దాలండి. ఇచ్చినందుకు కాదు, మింగినందుకు పెట్టాలి టిక్కు. మింగేదాకా నిలబడాల. నాను నిలబళ్ళేదు."

"దిద్దితే నీకు..."

"మెమో ఇస్తారు. దిద్దకపోతే డాక్టరుగారు డోసు పెంచుకుంటా పోతారు. ఎల్లుండి మబ్బు విరిగి మామ్మ అన్నీ మింగీసిందనుకోండి, పెంచిన డోసుకి కళ్ళు తిరిగి మళ్ళీ పడిపోతాది." ఆమె అప్పటికే పెన్ను తీసింది. ఒక్కొక్క టిక్కు మీద గీత గీసి, పక్కన 'వేసుకోలేదు' అని రాసి, కింద సంతకం పెట్టింది. నాలుగు సంతకాలు.

ఇక ఆ రోజు మాత్ర సంగతి. ఎంత బతిమాలినా అత్తగారు ఒప్పుకోలేదు. "నా కాలు పోతే పోనీ, గిరి కళ్ళు," అన్నారు.

ముప్పయ్యో మంచం లక్ష్మణమ్మకి మణికట్టు విరిగింది. చేపల బుట్టతో ఆటో దిగుతూ పడింది. ఆమె మొగుడు గంగులు పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చుని అంతా వింటున్నాడు. ఇప్పుడు లేచి, కారిడార్ చివర తూర్పు వరండాలోకి వెళ్ళి, ఆకాశం చూసి వచ్చాడు.

"గాలి పడమటికి తిరిగిందమ్మా. గంటలో మబ్బు పలసబడతాది."

"వాతావరణం వాళ్ళు రేపటిదాకా అన్నారు," అన్నాను.

"ఆళ్ళు పడవెక్కరు గదా," అన్నాడు.

"అబ్బో, ఎక్కినోడు మొన్న గాలి సూసే ఎల్లి వల పోగొట్టుకొచ్చినాడు," అంది మంచం మీంచి లక్ష్మణమ్మ.

"అది వల తప్పు, గాలి తప్పు కాదే."

అరుణశ్రీ నవ్వి, మంచం చక్రాల తాళాలు తీసింది. "మామ్మా, సూస్తే చాలు కదా? ఒక్క రవ్వ కనిపించినా చాలా?"

"చాలమ్మా."

గంగులూ నేనూ కలిసి మంచాన్ని తూర్పు వరండాలోకి తోశాం. అరుణశ్రీ తన మిగతా మంచాలకి వెళ్ళింది. ఐదు నిమిషాలకొకసారి తొంగిచూసి, "వచ్చీసినాడా?" అని అడిగి పోతోంది. కాసేపటికి వార్డులో నడవగలిగిన వాళ్ళంతా వరండాలో ఉన్నారు. బొండాల చుట్టాలు కూడా. అందరూ తలలెత్తి ఒకే వైపు చూస్తున్నారు. నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. మబ్బునే చూస్తూ నిలబడ్డాను.

తొమ్మిదీ ఇరవైకి ఎదురు మేడ మీద మబ్బు పలచబడి, తెల్లటి బిళ్ళలా సూర్యుడు కనిపించాడు. వెలుగు లేదు. ఆకారం మాత్రమే.

"అదిగో!" అని గంగులు అరిచాడు.

అత్తగారి రెండు చేతులూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ కలిశాయి. పెదవులు కదిలాయి. అరుణశ్రీ ఎప్పుడు వచ్చిందో, పాత డోసు ప్రకారం ఒక్క మాత్ర నాలుక మీద పెట్టి, గ్లాసు పట్టి, గొంతు కదిలేదాకా చూసింది. ఆ తర్వాతే చార్టులో టైము రాసింది.

పదింటికి డాక్టరు వచ్చారు. చార్టులో కొట్టివేతలు చూసి ఆయన మొహం మారిపోయింది.

"ఏంటిది అరుణశ్రీ? నాలుగు రోజులు? ఇది చూసే కదా నేను డోసు పెంచింది? చూడకుండా టిక్కు పెట్టేస్తావా?"

"తప్పే సార్," అందామె.

నేను ట్రాలీ కింద అరలోంచి నా పుస్తకం తీశాను. ఆమె మీద ఫిర్యాదుకి రాసిన పుస్తకం.

"సార్, నేను కూడా నాలుగు రోజులూ మాత్ర ఇచ్చినట్టే రాసుకున్నాను. నేను ఒక్క మంచం పక్కన కూర్చుని కనిపెట్టలేనిది, ఈమె ముప్పై ఆరింటి మధ్య ఎలా కనిపెడుతుంది? ఇవాళ దిండు గలీబులో ఆ మాత్రలు దొరకడం కూడా నన్ను తన వెనక తిరగమని ఈమె అనబట్టే."

ఆయన పుస్తకం అందుకుని, తీరిగ్గా చదివారు. ఒకచోట వేలు ఆగింది. గడుల పక్కన ఖాళీలో నేను ఊరికే రాసుకున్న మాటలు: 'ఒంటిగంటకి మంచినీళ్ళు గట్టిగా అడిగారు.' 'ఒంటిగంటన్నరకి చీర కుచ్చెళ్ళు సర్దుకున్నారు.'

"అంటే పదకొండు గంటల మాత్ర పన్నెండు దాటాక పడితే, ఒంటిగంటకి పనిచేస్తోంది. మన ఫిజియో వచ్చేదేమో పదింటికి." ఆయన అత్తగారి వైపు వంగారు. "అమ్మా, మీ జబ్బు ముదరలేదు. మందు మీ దిండు తింటోంది."

డోసు పాతదే ఉంచారు. విశాఖపట్నం మాట తీసేశారు. ఫిజియోథెరపీ అతన్ని ఆ రోజు పదకొండున్నరకి మళ్ళీ రమ్మన్నారు. అరుణశ్రీకి మెమో ఇచ్చారో లేదో నాకు తెలియదు. అడిగితే, "అది నాదండి, మీకెందుకు?" అంది.

పదకొండు గంటల మాత్ర ఆ రోజు పదకొండుకే పడింది. పదకొండున్నరకి ఫిజియోథెరపీ అతను మోకాలు వంచబోతే వంగింది. అతను నా వైపు, తర్వాత కాగితం వైపు చూశాడు. వాకరు తెచ్చి ముందు పెట్టి, ఒకవైపు అతను, ఒకవైపు దాలమ్మ పెద్దమ్మ పట్టుకున్నారు. అత్తగారు లేచి నిలబడ్డారు. కాళ్ళు వణికాయి, నిలబడ్డాయి. రెండు అడుగులు వేశారు. మూడోది వెయ్యబోతుంటే అతనే చాలన్నాడు.

ముప్పయ్యో మంచం మీంచి లక్ష్మణమ్మ కట్టు కట్టిన చేత్తోనే చప్పట్లు కొట్టబోయి, "అమ్మో" అంది.

మర్నాటి నుంచి మా మంచం తూర్పు కిటికీ పక్కకి మారింది. కిటికీ దగ్గరున్న ఆవిడ అడగ్గానే ఇచ్చింది. అరుణశ్రీ నా నాలుగో గడి ఉన్న పేజీలు జిరాక్సు తీయించుకుంది, మేట్రన్‌కి చూపించడానికి. మేము డిశ్చార్జి అయ్యేరోజుకి టైము తప్పకూడని మందులున్న నాలుగు మంచాలకి ఎర్ర కాగితం అంటించారు. ట్రాలీ ముందు ఆ నాలుగింటికీ వెళ్ళి, ఆ తర్వాత ఒకటో నంబరుకి వస్తోంది. పొద్దుటిపూట గంటసేపు ఇంకో సిస్టర్‌ని ఇస్తామన్నారట. ఇచ్చాక చూద్దాం అంది అరుణశ్రీ.

వెళ్ళేముందు ఆమె దగ్గరికి వెళ్ళాను. "మా అత్తగారిని నువ్వే నిలబెట్టావు," అన్నాను.

"నానా? గంగులుబాబు, సూర్యుడూ," అని నవ్వి, ఐదో మంచం పిలిస్తే వెళ్ళిపోయింది.

అత్తగారినీ మావగారినీ ఊరికి పంపకుండా నరసన్నపేటలో మా ఇంట్లోనే ఉంచుకున్నాం. పన్నెండు రోజులు బాగానే గడిచాయి. వంటింటి దాకా వాకరుతో వచ్చి, నేను కూర తరుగుతుంటే ముక్కలు పెద్దవయ్యాయని చెప్పేటంత బాగున్నారు. పదమూడో రోజు ఆదివారం. తెల్లారేసరికి మళ్ళీ ముసురు.

ఆవిడ పెరటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఏడు దాటింది. ఎనిమిది, తొమ్మిది దాటాయి. నేను మాత్ర పట్టుకుని నిలబడటం, లోపలికి వెళ్ళడం, మళ్ళీ రావడం. మావగారు వీధి అరుగు మీద పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క పేజీ తిప్పలేదు. పదకొండింటికి గానీ సూర్యుడు కనిపించలేదు. అప్పటికి అత్తగారి వేళ్ళు బిగుసుకుపోయాయి. ఎంత గొప్ప సిస్టరైనా మా ఇంటి పెరట్లోకి వచ్చి మబ్బు తియ్యలేదు కదా అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనానికి నలుగురం కూర్చున్నాం. వంకాయ కూర, చారు. అత్తగారు ముద్ద కలిపి ఎత్తితే సగం దారిలో రాలిపోయింది. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ రాలింది. నేను కలిపి పెడతానంటే వద్దన్నారు. మావగారు చెయ్యి కంచంలోనే ఉంచి, అదంతా చూశారు.

"రేపటి నుంచి ఆ మొక్కు నాది," అన్నారు.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"ఏ మొక్కు?" అన్నారు అత్తగారు.

"సూర్యుణ్ణి సూసినాకే మంచినీల్లు. అది ఇంక నాను సేస్తాను. నువ్వు ఏడుకి మాత్ర ఏసుకో."

"మొక్కులు అలగ మార్సుకోడానికి అవేటి రేసన్ కార్డులా? మొక్కింది నాను."

"నువ్వొక్కదానివే మొక్కినావేటి? ఆవేళ కోవెల్లో పిల్లోడు నా బుజం మీదున్నాడు. నువ్వు పైకన్నావు, నాను లోపలనుకున్నాను. బయటపడితే తప్పదని ఊరుకున్నాను. ముప్పయ్యేళ్ళు నువ్వు మోసినావు, నాను టీలు తాగుతా కూకున్నాను. మాత్ర కూడా దానికే ఆపుతన్నావని నాకు తట్టనేలేదు."

ఈ మాట ఆయన ఇదివరకెప్పుడూ ఎవరితోనూ అనలేదని అత్తగారి కళ్ళు చూస్తే తెలిసింది.

"నాన్నా, నా కళ్ళ కోసం కదా," అన్నారు మా ఆయన, "నేను..."

"నువ్వుండరా. నువ్వు ఆపీసుకెళ్ళాల. నాకేటి పని?"

"తెల్లారగట్ల నాలుగున్నరకి టీ పడకపోతే ఇల్లంతా ఎక్కి తొక్కుతావు," అన్నారు అత్తగారు. గొంతు సన్నగానే ఉంది, కానీ అందులో దెప్పు తిరిగి వచ్చింది. "ముసురైతే మద్దేనం దాకా ఉండగలవేటి?"

"ఉంటాను. సాయంత్రం పూజారిగారిని అడిగొస్తాను. ఆయన కాదంటే అరసవిల్లి ఎల్లి ఆ దేవుడికే సెప్పుకుంటాను, ఆడమనిసి కాలు కంటే నా టీ ఎక్కువ కాదని." అన్నం మీద పెరుగు పోసుకుని నా వైపు తిరిగారు. "యమునా, రేపు ఏడుకి మీ అత్తకి మాత్ర ఇయ్యి. మింగిందో లేదో నోరు తెరిపించి సూడు. నాకు మాత్రం సూర్యుడు కనిపించిందాకా టీ సుక్క ఇవ్వకు. నానెంత అరిసినా సరే."